కుర్మయ్య వెయ్యని ఒట్టు

శంషాబాద్ డీజిల్ బంకు పక్కన నాది చాయ్ బండి. సరోజమ్మ చాయ్ అంటే ఎయిర్‌పోర్టుకు కార్లు నడిపే వాళ్లందరికీ తెలుసు. వాళ్లలో కుర్మయ్య లాంటి పిసినారిని నేను చూడలేదు. అదీ ఒక్క డీజిల్ దగ్గరే. తెల్లవారి చల్లటి పూటే టైర్లలో గాలి చూసుకునేవాడు. డిక్కీలో పనికిరాని బరువు ఉంచేవాడు కాదు. ఎర్రలైటు కనబడితే దూరం నుంచే కాలు తీసేసి బండిని మెల్లగా పోనిచ్చేవాడు.

"ఊకె బ్రేకు తొక్కుడంటే డీజిల్ రోడ్డు మీద పారబోసుడే అక్కా" అనేవాడు.

అలాంటి మనిషిని పట్టుకుని డీజిల్ దొంగ అన్నాడు వాళ్ల ఓనరు గోవర్ధన్ సేటు. నోట్లో పురుగులు పడ!

సేటు భూమి అమ్మి నాలుగు కార్లు కొన్నాడు. స్టీరింగు పట్టడం మాత్రం నేర్చుకోలేదు. "గిరాకి ఎక్కేసరికి బండి ఫ్రిజ్జు లెక్క ఉండాలె" అని హుకుం వేశాడు. దాంతో ఎయిర్‌పోర్టు పార్కింగులో రెండేసి గంటలు ఇంజనూ ఏసీ ఆడుతూనే ఉండేవి. డీజిల్ గంగపాలు అవుతోందని కుర్మయ్య ఎంత మొత్తుకున్నా వినలేదు. లీటరుకు ఇరవై ఇచ్చే బండి పదమూడుకు పడింది.

ఒకరోజు బంకులో అందరి ముందు సేటు డిక్కీ తెరిచి, బండి కడిగే రబ్బరు పైపు బయటికి లాగాడు.

"గీ పైపుతోటే గుంజి అమ్ముకుంటున్నవారా?"

"నువ్వే గద సేటు ఏసీ బంద్ చెయ్యొద్దన్నది!"

"నేనెప్పుడన్న? దొంగవు కాకుంటే నీ బిడ్డ కవిత మీద ఒట్టెయ్!"

"డీజిల్ కోసం నా బిడ్డ తల మీద చెయ్యి పెట్టాల్నా? పెట్ట" అన్నాడు కుర్మయ్య.

మా దిక్కు ఒట్టు వెయ్యనివాడే దొంగ. బంకులో డీజిల్ కొట్టే బిక్షం మొహం తిప్పుకున్నాడు. అసలు ఒట్టే పెట్టుకోవద్దని చర్చిలో వింటూ పెరిగినదాన్ని, సిగ్గులేక నేనూ నమ్మాను. మరునాడు అతను చాయ్ అడిగితే గ్లాసు చేతికి ఇవ్వకుండా బల్ల మీద పెట్టాను. నా మొహం ఒక్కసారి చూసి, ముట్టకుండానే పోయాడు.

సేటు అతన్ని పనిలోంచి తియ్యలేదు. ఒక కాగితం రాసి, కింద తన పేరుతో దస్తకత్ పెట్టి, స్టీరింగు పక్కన అతికించాడు. అరవై స్పీడు దాటరాదు. గిరాకి లేనిది ఏసీ వేయరాదు. తప్పితే పని బంద్. కుర్మయ్య ఆ కాగితం చిరగకుండా దాని మీద టేపు వేశాడు.

మే నెల వచ్చింది. సేటు చుట్టాల పెళ్లికని కల్వకుర్తి పోయి అక్కడే పడుకున్నాడు. మరునాడు పదకొండింటికి ఎయిర్‌పోర్టు దగ్గర ఒక హోటల్‌లో ఉండాలి. ఆ హోటల్ కార్ల కాంట్రాక్టు చేతికి వచ్చే రోజు. కుర్మయ్య తెల్లారకముందే బంకులో ట్యాంకు నిండా కొట్టించి, మీటరు అంకె బిక్షం చేత రాయించి, సేటును తేవడానికి పోయాడు.

పది గంటలకు బయలుదేరారట. డెబ్బై అయిదు కిలోమీటర్లు. లారీలు కూడా వాళ్లను దాటిపోతున్నాయి.

"తొక్కరా!"

"అరవై దాటొద్దు సేటు. నీ దస్తకతే ఉంది."

"ఏసీ అన్న ఎయ్!"

"గిరాకి లేదు గద."

"నేనే చెప్తున్న గదరా, ఆ కాయిదం చింపెయ్!"

"నోటిమాట నాకొద్దు సేటు. ఏసీ బంద్ చెయ్యొద్దన్నది గూడ నోటిమాటే."

గంజి పెట్టిన తెల్లచొక్కా సేటు ఒంటికి అంటుకుపోయింది. తుక్కుగూడ దగ్గర ఫోను వచ్చింది. టైము దాటింది, కాంట్రాక్టు వేరేవాళ్లకు ఇచ్చేశామన్నారు. కుర్మయ్య బండిని సీదా మా బంకుకు తెచ్చి ఆపాడు.

బిక్షం ట్యాంకు నింపి మీటరు చూశాడు. నూట యాభై కిలోమీటర్లకు ఏడు లీటర్లే పట్టింది. "ఇరవై ఒకటి ఇచ్చిందిరో!" అని కేకేశాడు. డ్రైవర్లంతా మూగారు.

కుర్మయ్య గొంతు పెంచలేదు. "ఏసీ నువ్వు వెయ్యమనలేదని నీ కొడుకు మీద ఒట్టెయ్ సేటు."

సేటు చెయ్యి సగం లేచి దిగిపోయింది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. నాకైతే కడుపు చల్లబడింది.

"ఒట్టెయ్యనోడు దొంగని నువ్వే అన్నవ్" అని తాళాలు ఆయన కాళ్ల దగ్గర పడేశాడు కుర్మయ్య. నడపడం రాని సేటు ఆ ఎండలో తన బండి పక్కనే నిలబడిపోయాడు. ఒక్క డ్రైవరు కూడా తాళాలు ముట్టలేదు.

కుర్మయ్య నా దగ్గరికి వచ్చాడు. అల్లం దంచివేసి చాయ్ పెట్టి, గ్లాసు రెండు చేతులతో అందించాను.

అతను చెయ్యి చాపలేదు.

"బల్ల మీద పెట్టు అక్కా" అన్నాడు.