రాజం బుగ్గన బెల్లం ముక్క

మా రాజం గెలిచాడు! ఈ సాయంత్రం గోదావరిఖని పందెం బాక్సింగ్‌లో నా కొడుకే గెలిచాడు!

రౌండ్ల మధ్య వాడు బుగ్గన పెట్టుకున్నది బలం పెంచే మందేనని, పరీక్ష చేయాలని ఓడిన పట్నం పిలగాని తరఫువాళ్లు గొడవ చేశారు. బొగ్గు దుమ్ముకు గొంతు పట్టకుండా మా గని కార్మికులంతా నమిలే బెల్లమది.

"నాకెందుకు నాయినా పరీక్ష?" అని వాడు అలిగాడు.

"చేయించుకో బిడ్డా. లేకుంటే రేపు అందరు గుసగుసలాడతరు. గా ఓడిన పిలగానికి గూడ చెయ్యుమను," అన్నాను.

డాక్టరు ఇద్దరి చేతుల మీదా సూది గుర్తుల కోసం వెతికాడు, ఒక్కటీ దొరకలేదు. బెల్లం రుచి చూసి, "ఇంకో ముక్కుంటే ఇయ్యి కాకా!" అన్నాడు.

గెలిచినవాడినే అనుమానించడం నాకు నచ్చలేదు. పరీక్ష ఇద్దరికీ ఉండాలి, మీరేమంటారు?

మంచిర్యాల అక్కకు, జైపూర్ బావకు, మంథని చిన్నాయనకు చెప్పండి. గెలిచాడని మాత్రమే కాదు, పరీక్షకు నిలబడి గెలిచాడని చెప్పండి.