సరళక్క ఆ స్కూల్ వదల్లేదు

నిన్న పొద్దున ఆఫీస్ మీటింగ్‌లో ఉండగా సరళక్క కూతురు హరిణి ఫోన్ చేసింది. కట్ చేశాను. వెంటనే మళ్ళీ చేసింది.

"అక్కా, మమ్మీ పోయింది."

అంతే అంది. ఆ పిల్ల ఏడవలేదు.

సరళక్కకి గుండెపోటట. మొన్నే కదా వాయిస్ మెసేజ్ పెట్టి, టోపీ లేకుండా బయట తిరిగితే తంతానని తిట్టింది!

టొరంటోకి ఇంత దూరంలో, ఇక్కడ రెజైనాలో ఆమె తెలిసిన మనిషి ఒక్కరూ లేరు. ఎవరు పోయారని పక్క డెస్క్ అమ్మాయి అడిగితే "మై ల్యాండ్‌లేడీ" అన్నాను. అంతకంటే ఎలా చెప్పాలో తెలియలేదు. వాష్‌రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చాను.

అందుకే ఈ టొరంటో తెలుగువాళ్ళ పేజీలో రాస్తున్నాను. మీలో చాలామందికి ఆమె తెలుసు కాబట్టి.

నేను స్టూడెంట్‌గా టొరంటో వచ్చినప్పుడు రూమ్ దొరకడమంటే దేవుడు కనపడినట్టే. నార్త్ యార్క్‌లో సరళక్క వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో ఒక గదిలో ముగ్గురు అమ్మాయిలం దిగాము. వాళ్ళాయన ట్రక్ డ్రైవర్. అమెరికా ట్రిప్పులకి పోతే వీకెండ్‌కే ఇంటికి రావడం. ఇంట్లో అక్క, కూతురు హరిణి, మేము.

అంతకుముందు ఆ బిల్డింగ్ నిండా మనవాళ్ళే ఉండేవాళ్ళట. శనివారం వస్తే ఎవరో ఒకరి ఇంట్లో, తలా ఒక వంట తెచ్చుకుని పాట్‌లక్.

తర్వాత అందరూ వెళ్ళిపోయారు. ఎందుకో మీకు తెలుసు. తెలియనివాళ్ళకి చెప్తాను.

ఒంటారియోలో మూడో క్లాసు, ఆరో క్లాసు పిల్లలకి ప్రావిన్స్ మొత్తానికి ఒకే టెస్ట్ పెడతారు. పిల్లల మార్కులు ఇంటికి వస్తాయి. స్కూల్ మొత్తం రిజల్ట్ మాత్రం నెట్‌లో అందరూ చూడొచ్చు. దాన్ని పట్టుకుని స్కూళ్ళకి పదికి ఇన్ని అని మార్కులు వేసే వెబ్‌సైట్లు కూడా ఉన్నాయి.

మనవాళ్ళ సంగతి చెప్పాలా? ఇంటర్ కాలేజీల ర్యాంకుల ప్రకటనలు చూసి పెరిగినవాళ్ళం. ఆ బిల్డింగ్ ఏరియా స్కూల్‌కి స్కోర్ తక్కువ వచ్చింది. ఆ స్క్రీన్‌షాట్ బిల్డింగ్‌లోని మనవాళ్ళ వాట్సాప్ గ్రూపులో పడింది. ఇంకేముంది, ఒకరి వెంట ఒకరు మంచి స్కోర్ ఉన్న ఏరియాలకి మారిపోయారు. అక్కడి ఓనర్లు స్కూల్ స్కోర్ యాడ్‌లోనే రాసి అద్దెలు పెంచారు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమంటే ఇదే.

సరళక్క మాత్రం కదల్లేదు.

ఒకరోజు ఆమె దోసెలు పోస్తూ ఫోన్ స్పీకర్‌లో పెట్టింది. మారిపోయిన వాళ్ళలో ఒకావిడ. "ఇంకా పాపని ఆ స్కూల్లోనే ఉంచారా అండీ? అక్కడ ఇంగ్లీష్ రాని పిల్లలే ఎక్కువ, వాళ్ళే కదా స్కోర్ కిందికి లాగేసేది!" అంది. మంచికే చెప్పిందనుకోండి.

హరిణి అక్కడే కూర్చుని తింటోంది.

ఆ పిల్ల మూడో క్లాసు మధ్యలో కరీంనగర్ నుంచి వచ్చింది. వచ్చిన కొన్నాళ్ళకే ఆ టెస్ట్ రాసింది. ప్రశ్నలు అర్థం కాక పేజీలకు పేజీలు ఖాళీగా వదిలేసింది.

ఫోన్ పెట్టేశాక అడిగింది.

"మామ్, డిడ్ దే లీవ్ బికాజ్ ఆఫ్ మీ?"

దోసె మాడిపోతున్నా అక్క చూసుకోలేదు.

"నీ వల్ల ఎందుకు పోతరు బిడ్డా? వాళ్లకు పెద్ద ఇల్లు గావాలె, పోయిన్రు" అంది.

హరిణి నమ్మలేదు. ప్లేట్ అలాగే వదిలేసి గదిలోకి వెళ్ళిపోయింది.

అప్పుడు నాతో అంది అక్క. "నా బిడ్డ రాసిన పరీక్ష గూడ ఆ స్కోర్లనే ఉన్నది గదనే. నేను గూడ పోతే, ఇగ నా బిడ్డ ఏమనుకుంటది?"

తర్వాత అదే స్కూల్లో లంచ్‌రూమ్ సూపర్‌వైజర్‌గా చేరింది. కొత్తగా వచ్చి, మాట రాక ఒంటరిగా కూర్చునే పిల్లల పక్కనే కూర్చునేది.

ఆ ఏడాది బతుకమ్మకి బిల్డింగ్ పార్టీ రూమ్ బుక్ చేసింది. తంగేడు లేదు, గునుగు లేదు. గ్రోసరీ స్టోర్ చామంతి కుండీలు కొనుక్కొచ్చి, ఆ పూలే కోసి పేర్చింది. గ్రూపులో మెసేజ్ పెట్టింది. హార్ట్‌లు బాగానే వచ్చాయి. మనుషులు రాలేదు.

"మాది ఒంగోలు అక్కా, మాకు ఆడటం రాదు" అన్నాను.

"చప్పట్లు కొట్టొస్తది గదా? రా!" అంది.

ముగ్గురు స్టూడెంట్లం, హరిణి, అక్క. ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళం తొక్కుకుంటూ తిరిగాము. మేము నవ్వుతున్నాము. అక్క పాట ఆపకుండా, మాటిమాటికీ తలుపు వైపు చూసింది. సత్తుపిండి చాలా మిగిలింది. వారం రోజులు మేమే తిన్నాము.

ఆరో క్లాసు టెస్ట్‌లో హరిణికి మంచి మార్కులొచ్చాయి. స్కూల్ స్కోర్ కూడా కాస్త పెరిగింది. అక్క ఆ స్క్రీన్‌షాట్ గ్రూపులో పెట్టి చాలాసేపు ఫోన్ చేత్తోనే పట్టుకుని కూర్చుంది. చప్పట్ల బొమ్మలు వచ్చాయి. అయినా ఇళ్ళు కొనుక్కున్నాక ఎవరు తిరిగొస్తారు?

నిన్నటి నుంచి అదే గ్రూపులో దండాల బొమ్మలు వరసగా వస్తున్నాయి.

కానీ హరిణి ఫోన్ పెట్టేసే ముందు నాతో చెప్పింది మీకు చెప్పాలి. ఎంతమంది వస్తారని, అంత్యక్రియలు జరిపించే ఫ్యూనరల్ హోమ్ వాళ్ళు అడిగారట. వాళ్ళ నాన్న తలవంచుకుని కూర్చున్నాడట. ఆ పిల్లే జవాబు చెప్పిందట.

"స్మాలెస్ట్ రూమ్ చాలు అన్నాను అక్కా. మా దగ్గరికి ఎవ్వరూ రారు కదా."

నేను సాయంత్రం ఫ్లైట్‌కి బయల్దేరుతున్నాను. మీకు కారులో గంట దూరం కూడా ఉండదు.

బొమ్మలు పెట్టకండి. రండి. పిల్లల్ని కూడా తీసుకుని రండి. ఎల్లుండి ఆ గది చాలకుండా చేయండి. హరిణి కళ్ళారా చూడాలి.

సరళక్కా, సెలవు. ఇక ఎవరి కోసం ఎదురుచూడకుండా నిమ్మళంగా ఉండు.