చిన్న ఫోనూ, నా పెద్ద నోరూ

మీలో ఎవరైనా ఆ వీడియో చూసుంటే ఆ నవ్వేదేదో ఇప్పుడే నవ్వేయండి. నేను చెప్తుండగా మధ్యలో ఇకిలిస్తే మాత్రం లేచి వెళ్ళిపోతా! చూడనివాళ్ళు ఉన్నారా అసలు? బెజవాడలో ఇంకా చూడనివాళ్ళు మిగిలారంటే నాకైతే నమ్మకం లేదు. మొన్న పాల ప్యాకెట్ కోసం వెళ్తే మా భవానీపురంలో కొట్టాయన కూడా "పెద్దదా, చిన్నదా మాస్టారూ?" అని అడిగి, అటు తిరిగి నవ్వుకున్నాడు. పాల ప్యాకెట్ దగ్గర కూడా పరువు పోగొట్టుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటా.

సరే, వినండి.

జనం ఎగబడి కొంటున్న పెద్ద ఫోను ఒకటుంది కదా, ఎవరి చేతిలో చూసినా అదే. దానికి ఈమధ్య ఆ కంపెనీవాళ్ళే ఒక చిన్న మోడల్ దించారు. సైజు తక్కువ, రేటు తక్కువ. అంతే! మా జూనియర్ కాలేజీ స్టాఫ్‌రూమ్ రెండు పార్టీలైపోయింది. కెమిస్ట్రీ మేడమ్‌గారేమో "ముద్దుగా ఉందండీ, హ్యాండ్‌బ్యాగ్‌లో పడుంటుంది" అంటారు. మ్యాథ్స్ మూర్తిగారేమో "కెమెరా కోసేశారు, స్క్రీను కోసేశారు, రేటు మాత్రం కోసీ కోయనట్టు కోశారు" అంటారు. నేను ఫిజిక్స్ చెప్తా కాబట్టి, వస్తువుని చూడకుండా అభిప్రాయం చెప్పకూడదని నా సిద్ధాంతం. ఆ సిద్ధాంతమే నా కొంప ముంచింది.

శనివారం క్లాసులయ్యాక బందరు రోడ్డులో ఒక మొబైల్ షోరూమ్‌కి వెళ్ళా. కొనడానికి కాదు, ఊరికే చూద్దామని. నా ఫోను ఆ పెద్దదాని పాత మోడలే, పైనుంచి కిందిదాకా పగిలిపోయింది. మార్చాలని ఎప్పట్నుంచో ఉంది. లోపల తిరనాళ్ళలా ఉన్నారు జనం. ఒక పెద్దావిడ ఆ చిన్న ఫోను చేత్తో పట్టుకుని "హమ్మయ్య, ఇన్నాళ్ళకి నా చేతికి సరిపడా చేశారమ్మా" అంటోంది. ఒక ఆటో ఆయన "మ్యాప్ కనపడితే చాలు, సినిమాలు చూస్తానా ఏంటి" అన్నాడు. నేనూ చేతిలోకి తీసుకున్నా. నిజం చెప్పొద్దూ, బాగానే ఉంది. తేలిగ్గా, నున్నగా, బుద్ధిగా ఉంది.

అక్కడితో ఆగి ఇంటికొచ్చేస్తే ఈ కథే లేదు.

పక్కనున్న ఓ కుర్రాడు తన ఫ్రెండుతో "ఇది మనకి కాదు మామా, ఇలాంటి అంకుల్స్‌కి సెట్ అవుద్ది" అన్నాడు. "ఇలాంటి" అన్నప్పుడు వాడి చూపు నా బట్టతల మీద ఉంది. నాకు ఎక్కడో కాలింది. సరిగ్గా అప్పుడే నా గడ్డం కింద మైకు ప్రత్యక్షమైంది!

"సార్, పబ్లిక్ రియాక్షన్ సార్! ఈ చిన్న మోడల్ మీద మీ ఒపీనియన్?"

ఏదో లోకల్ ఛానల్ అట. మైకు పట్టుకున్నాయన, కెమెరా పట్టుకున్నాయన, ఇద్దరూ చెమటలు కారుస్తున్నారు. అప్పటిదాకా అందరూ "బాగుందండీ", "ఓకే అండీ" అని చప్పగా చెప్పి వెళ్ళిపోతున్నారట. మసాలా కోసం మొహం వాచిపోయి ఉన్నారు. నేను దొరికా.

అంకుల్ కాదని నిరూపించుకోవాలిగా మరి! ఫిజిక్స్ లెక్చరర్నని చెప్పి మొదలుపెట్టా.

"ఇది ఫోనా అండీ? అగ్గిపెట్టె! స్క్రీను వైశాల్యం తగ్గితే ఆనందం కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది. పెద్దది కొనలేనివాణ్ణి బుజ్జగించడానికి చేసిన బొమ్మ ఇది."

మైకాయన కళ్ళు మెరిశాయి. చుట్టూ నలుగురు నవ్వారు. ఇందాకటి కుర్రాడు కూడా నవ్వాడు. ముప్పై మంది పిల్లలు ఆవలిస్తుంటే పాఠం చెప్పేవాడికి నలుగురు నవ్వితే ఎలా ఉంటుందో మీకు తెలీదు. గాల్లో తేలిపోయా.

"మరి ఎవరైనా గిఫ్ట్‌గా ఇస్తే తీసుకుంటారా సార్?"

"దీన్ని ఎవరైనా గిఫ్ట్‌గా ఇచ్చారంటే, వాళ్ళ దృష్టిలో మన సైజు అంతే అన్నమాట!"

చప్పట్లండీ! షోరూమ్‌లో చప్పట్లు! మైకాయన నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చి "అదరగొట్టారు సార్" అన్నాడు. దారంతా ఆ డైలాగే మనసులో వేసుకుంటూ ఇంటికొచ్చా. మా ఆవిడ సునీత అప్పటికి డ్యూటీలో ఉంది. తను ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సు. వచ్చాక చెప్దామనుకుని మర్చిపోయా. ఆ మర్చిపోవడమొక్కటే ఆ రోజు నేను చేసిన మంచి పని అని అప్పుడు తెలీదు.

మర్నాడు ఆదివారం పామర్రు ప్రయాణం. మా అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయి, లేచి నడుస్తున్నారు. అందుకని ఇంట్లో కృతజ్ఞత ప్రార్థన పెట్టుకున్నారు, భోజనాలు కూడా. మా పెళ్ళిరోజు కూడా ఆ వారంలోనే పడింది. స్కూటర్ మీద బయల్దేరాం. కంకిపాడు దాటినప్పట్నుంచి జేబులో ఫోను ఒకటే కొట్టుకుంటోంది. బండి నడుపుతూ ఏం చూస్తాం? "ఏంటండీ అన్ని మెసేజులు?" అని వెనకనుంచి సునీత. "చర్చి గ్రూపులో వాక్యాలు అయ్యుంటాయిలే" అన్నా.

ప్రార్థన చక్కగా జరిగింది. పాస్టరుగారు మా అత్తగారి మోకాలి గురించి దేవుడికి వివరంగా చెప్పారు. ఆమెన్ అయ్యాక భోజనాలకి లేవబోతుంటే సునీత "ఒక్క నిమిషం కూర్చోండి" అంది. లోపలికెళ్ళి రంగు కాగితం చుట్టిన చిన్న డబ్బా తెచ్చింది. మొహంలో సిగ్గు. పెళ్ళయి ఇన్నేళ్ళలో నాకు సర్‌ప్రైజ్ ఇవ్వడం అదే మొదటిసారి.

"పెళ్ళిరోజుకి," అంది. "అమ్మానాన్నల ముందు ఇద్దామని."

డబ్బా సైజు చూడగానే నాకు అనుమానమొచ్చింది. కాగితం విప్పా. అదే! ఆ అగ్గిపెట్టే!

అందరూ నా వంకే చూస్తున్నారు. నేను నా జీవితంలో అంత గొప్పగా ఎప్పుడూ నటించలేదు. "సునీతా! సరిగ్గా దీన్నే కొనుక్కుందామనుకుంటున్నా! ఎలా కనిపెట్టావు?" అన్నా. పాస్టరుగారు "భార్యాభర్తల మధ్య ఇలాంటి అవగాహన ఉండాలి" అని మురిసిపోయారు. సునీత కళ్ళు చెమ్మగిల్లాయి. నేనేమో లోపల వేరే ప్రార్థన మొదలుపెట్టా. ప్రభువా, ఆ ఛానల్ వాళ్ళ కెమెరా పాడైపోవాలి, ఆ వీడియో ఎవరికీ చేరకూడదు అని.

ప్లేట్లలో కోడి పులావు వడ్డిస్తున్నారు. అప్పుడు దిగాడు మా బామ్మర్ది కిరణ్. గన్నవరం ఎయిర్‌పోర్టులో వాడికి పొద్దుటి షిఫ్టు, అది ముగించుకుని ప్రార్థన అయ్యాక వచ్చాడు. గిఫ్టు సంగతి వాడికి తెలీదు. గుమ్మంలోంచే కేకలు!

"బావగారూ! మీరు ఫేమస్ అయిపోయారు! మా డ్యూటీలో అందరూ మిమ్మల్నే చూస్తున్నారు!"

"కిరణ్, ముందు కాళ్ళు కడుక్కుని..."

"అక్కా, నాన్నా, ఆగండాగండి, టీవీలో పెడతా!"

"కిరణ్, భోజనాలు చల్లారిపోతాయి..."

వింటేగా! మా మావగారింట్లో గోడ సగం ఆక్రమించే టీవీ ఒకటుంది. అందులో నా మొహం వచ్చింది. నోరు గుమ్మమంత తెరుచుకుని ఉంది. కింద ఎర్రక్షరాలు: "చిన్న ఫోనుపై లెక్చరర్ నిప్పులు!"

అగ్గిపెట్టె అన్నా. వైశాల్యం అన్నా. బొమ్మ అన్నా. చెయ్యి చాచి రిమోట్ అందుకోబోయేసరికి పులావు ప్లేటు ఒళ్ళో పడింది. పరుగెత్తే దారి లేదు, తుడుచుకునే టైమూ లేదు. ఆ టీవీలో వాడు, అంటే నేను, చివరి డైలాగు కూడా కొట్టేశాడు. "వాళ్ళ దృష్టిలో మన సైజు అంతే అన్నమాట!" వెనక ఛానల్ వాళ్ళు డప్పుల మోత కూడా కలిపారు.

పాస్టరుగారు తన ప్లేటులోని ముక్కని దీక్షగా పరిశీలిస్తున్నారు. సగం చెవుడున్న మా అత్తగారు మాత్రం "అల్లుడుగారు టీవీలో ఎంత బాగా కనపడుతున్నారో!" అన్నారు. కిరణ్ అప్పుడు చూశాడు, బల్ల మీద ఫోను డబ్బాని. గబగబా టీవీ ఆపేశాడు.

సునీత అరిస్తే బాగుండేది. అరవలేదు. కిందపడిన రంగు కాగితం తీసి మడత పెట్టింది. ఇంకో మడత పెట్టింది.

"పెద్దది కొనలేక తెచ్చింది కాదండీ ఇది," అంది మెల్లగా. "బోర్డు దగ్గర వంగితే జేబులోంచి పడిపోతోందని మీరే కదా విసుక్కునేది? ఇప్పుడున్నది అలాగే కదా పగిలింది? జేబులో పట్టాలని వెతికి వెతికి ఇది తీసుకున్నా. దీనికోసం పక్కవాళ్ళ డ్యూటీలు కూడా చేశాను."

అంతే. వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను ఒళ్ళో పులావుతో అలాగే కూర్చున్నా. మెతుకులు కాలుతున్నాయి గానీ కదలాలనిపించలేదు.

కాసేపటికి మా మావగారు నన్ను పెరట్లోకి తీసుకెళ్ళారు. చెంబుతో నీళ్ళిచ్చి, ప్యాంటు కడుక్కుంటుంటే పొలాల వైపు చూస్తూ అన్నారు. "అల్లుడుగారూ, నేనూ పెళ్ళయిన కొత్తలో మీ అత్తయ్య చేసిన కూర బాలేదని అన్నానండీ. మూడు రోజులు మాట్లాడలేదు."

"తర్వాత ఎలా సర్దుకుంది మావయ్యగారూ?"

"ఇంట్లో అన్నాను కాబట్టి ఇంట్లోనే సర్దుకుందండీ. అప్పట్లో మా దగ్గర ఎవరూ మైకు పెట్టేవాళ్ళు కాదు."

నేను ప్యాంటు మీద ఇంకో చెంబు నీళ్ళు పోసుకున్నా.

సాయంత్రం తిరిగి బయల్దేరాం. ఎప్పుడూ నా భుజం మీద ఉండే సునీత చెయ్యి ఆ రోజు వెనక స్టెప్నీ మీద ఉంది. ఉయ్యూరు దగ్గర నేనే నోరు విప్పా. "అది కాదు సునీతా, వాళ్ళు ఎడిటింగ్ చేశారు."

"నోరు కూడా వాళ్ళదేనా?"

ఇక బెజవాడ వచ్చేదాకా రోడ్డు మీదే దృష్టి పెట్టా.

సోమవారం కాలేజీ గురించి ఏం చెప్పను! ల్యాబ్‌లో ఒకడు చాలా వినయంగా "సార్, వెర్నియర్ కాలిపర్స్‌తో ఫోను సైజు కొలవచ్చా సార్?" అని అడిగాడు. మూర్తిగారు నన్ను కౌగిలించుకుని "మగాడంటే మీరండీ, ఉన్నదున్నట్టు చెప్పారు" అన్నారు. ఆయన పొగడ్త వింటే ఇంకా భయమేసింది. ఛానల్ వాళ్ళ నంబరు పట్టుకుని ఫోన్ చేసి, వీడియో తీసేయమని బతిమాలా. "తీసేయడమేంటి సార్! మా ఛానల్ లేచిందే మీవల్ల! వచ్చే వారం ఇయర్‌ఫోన్స్ మీద మాట్లాడతారా?" అన్నాడు మైకాయన.

కింద కామెంట్లు చదవకుండా ఉండాల్సింది. "సార్ నూటికి నూరు శాతం కరెక్ట్" అని కొందరు. "ముందు మీ నోటి సైజు తగ్గించండి మాస్టారూ" అని కొందరు. ఒకాయన రాశాడు: "నిన్ననే మా అబ్బాయి మొదటి జీతంతో నాకు ఈ ఫోను కొనిచ్చాడు. సంతోషంగా ఉన్నాను. ఇప్పుడు ఈయన మాట వింటుంటే ఎందుకో అనుమానంగా ఉంది." అది చదివాక టీ కూడా దిగలేదు నాకు. ఎవరో ముక్కూమొహం తెలియని పెద్దాయన సంతోషాన్ని, నలుగురి నవ్వు కోసం పాడుచేశా.

ఆ సాయంత్రం సునీత దగ్గరికెళ్ళి నిలబడ్డా. సాకులేం చెప్పలేదు. "తప్పయిపోయింది సునీతా" అన్నా.

తను కూరగాయలు తరుగుతోంది. తల ఎత్తలేదు. "నాతో చెప్తే ఏం లాభం? మీరన్నది ఊరందరి ముందు."

నిజమే కదా. అప్పుడు ఆ కొత్త ఫోను డబ్బా తెచ్చి తన చేతిలో పెట్టి, "అయితే నువ్వే తియ్యి వీడియో" అన్నా. నన్ను కాసేపు చూసింది. చేతులు కడుక్కుని వచ్చింది. హాల్లో నన్ను గోడకి నిలబెట్టింది. "ఇటు జరగండి, వెలుతురు లేదు" అంది. పెళ్ళిచూపుల్లో కూడా అంత బెదిరిపోయి నిలబడలేదు నేను.

చెప్పా. పేరు చెప్పి, ఆ మాటలన్నది నేనేనని చెప్పి, పక్కవాళ్ళ నవ్వు కోసం తెలీకుండా వాగానని చెప్పా. ఫోను నిజంగా బాగుందని, నా భార్య నాకోసం ఆలోచించి కొన్నదని చెప్పా. మొదటి జీతంతో కొనిచ్చిన అబ్బాయి తండ్రికి పేరు తెలీదు కాబట్టి "పెద్దాయనా, మీ అబ్బాయి దృష్టిలో మీ సైజు చాలా పెద్దదండీ" అని చెప్పా. ఒక్క టేకులో అయిపోయింది. ఆ బుజ్జి ఫోను నా చెమట చుక్కల్తో సహా ఎంత స్పష్టంగా తీసిందో చెప్పలేను. నా పేరు మీదే ఒక ఛానల్ తెరిచి పెట్టేశా. ఆ పెద్దాయన కామెంటు కిందా లింకు పెట్టా, కాలేజీ గ్రూపులో పెట్టా, చర్చి గ్రూపులో పెట్టా, పామర్రు పంపించా.

వారం అయింది. నిప్పులు కక్కిన వీడియో ఇప్పటికీ ఊరూరా తిరుగుతూనే ఉంది. రాత్రి సునీతని అడిగా, "నా వీడియో చూశావా?" అని. "తీసిందే నేను, మళ్ళీ చూడాలా?" అంది. కానీ ఆ అనడంలో కొంచెం నవ్వుందండోయ్!

క్షమాపణ వీడియోని మాత్రం ఇప్పటిదాకా ఒక్కరు చూశారు. ఆ ఒక్కరూ నేనే, సరిగ్గా వచ్చిందో లేదో అని. లైకు కూడా నేనే కొట్టుకున్నా.