ఫ్రిజ్‌లో శాంపిల్ సీసాలు

మా ఫ్యాక్టరీలో మందుగోలీల ప్రతి బ్యాచ్ నుంచీ కాసిని తీసి, సీసాలో వేసి, లేబుల్ అంటించి దాస్తాం. రేపు ఎక్కడైనా తేడా వస్తే దొంగ దొరకాలి కదా. పటాన్‌చెరులో ఇన్నేళ్లుగా నా ఉద్యోగం అదే. ఎవర్నీ నమ్మకుండా ఉన్నందుకే నాకు జీతమిస్తారు.

అందుకే విరేచనంలో నెత్తురు కనబడిన రోజే, ఇది బయటివాళ్ల పనేనని తేల్చేశాను.

సంగారెడ్డిలో డాక్టరమ్మ కెమెరా గొట్టం వేసి చూసి వేరే మాట చెప్పింది. "పెద్దపేగు లోపలంతా వాచి పుండ్లయినయి. బయటి రోగాలతోని కొట్లాడాల్సిన మీ రక్షణ కణాలే మీ పేగును కొడుతున్నయి. వాటిని జెర చల్లబరిచే గోలీలు రాస్తున్న. ఒక్క పూట గూడ మానొద్దు. ముదిరితే పేగు తీసెయ్యాల్సొస్తది."

నా కణాలు నన్నే కొడతాయా? నవ్వొచ్చింది. ఇంటికొచ్చాక భయమేసింది. ఈ గాలి పీలుస్తూ, ఈ బోరునీళ్లు తాగుతూ, ఉన్న కాపలావాళ్లను కూడా నిద్రపుచ్చుకుంటామా? వారం రోజులు మింగి గుట్టుగా మానేశాను. మిగిలిన గోలీలను బూట్ల డబ్బాలో దాచాను.

ఇక వేట మొదలైంది. బోరునీళ్లు ఒక సీసా. ఫ్యాక్టరీ గేటు ముందు హోటల్లో దాల్చా ఒక సీసా. "ఏం సాబ్, ఇంటికి పార్సలా?" అంటూ హోటల్ సేటు ఇంకో గరిటె ఎక్కువ పోశాడు. ఆ గరిటె మీద కూడా నాకు అనుమానమే. తర్వాత ఇంట్లో పప్పు, పెరుగు, చింతకాయ తొక్కు. ప్రతి సీసా మీదా తేదీ, పదార్థం పేరు, తయారుచేసినవారు. అన్నీ ఫ్రిజ్‌లో పాల ప్యాకెట్ల వెనక. నెత్తురు ఎక్కువ పడిన రోజు చూసి, ముందురోజు సీసాలు మా ల్యాబ్‌కు పట్టుకెళ్దామని నా ప్లాను. గోలీలను పరీక్షించే ల్యాబ్ పప్పులో ఏం కనిపెడుతుందో మాత్రం ఆలోచించలేదు.

ఒక ఆదివారం పొద్దున ఫ్రిజ్ కడుగుతూ మా ఆవిడ ఆ సీసాలన్నీ గట్టు మీద వరసగా పెట్టింది. ఒకటి ఎత్తి లేబుల్ చదివింది. తయారుచేసినవారు: భార్య.

"ఏంది గిది?"

"శాంపిల్. ఊకెనే."

"ఊకెనా? నీకు బీమారొచ్చిన సంది నేను గూడ కారం బంద్ చేసిన. నువ్వు తినే చప్పటి పప్పే తింటున్న. నా చెయ్యి మీదనే వచ్చిందా నీకు అనుమానం?"

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆమె లోపలికెళ్లి బూట్ల డబ్బా తెచ్చి సీసాల పక్కన బోర్లించింది. చింపని గోలీల పట్టీలు కింద పడ్డాయి.

"మొన్ననే దొరికినయి. నువ్వే చెప్తవేమోనని చూసిన. ఇగ వీటికి గూడ లేబుల్ వెయ్యి. దాచిపెట్టినోళ్లు ఎవరో రాయి."

మర్నాడే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. వాపు ఇంకా పైకి పాకిందట. మళ్లీ మందులతోనే ప్రయత్నిద్దామని, ఈసారి మానితే మాత్రం ఆపరేషనేనని చెప్పింది. అప్పట్నుంచి పూట తప్పకుండా మింగుతున్నాను. నెత్తురు ఆగింది. పేగు మిగిలింది.

సీసాలన్నీ ఆ ఆదివారమే పారబోశాను. కానీ మా ఆవిడకు ఆ మధ్యాహ్నం నుంచే ఒక అలవాటు మొదలైంది. నాకు అన్నం పెట్టేముందు నా కంచంలోంచి ఒక ముద్ద తీసుకుని తను తింటుంది. నమిలి, మింగి, నా మొహంలోకి ఒకసారి చూసి, అప్పుడు కంచం నా ముందుకు జరుపుతుంది. వద్దని ఎన్నిసార్లు బతిమాలినా వినదు.