తావీతా గవ్వలు

కోకో తాగగానే తావీతా చాప మీద గవ్వలు గుమ్మరిస్తాడు. ఆయన చూపు పోయి రెండేళ్లయింది. మా సవాయీ దీవిలో ఒకప్పుడు బడిపంతులాయన. ఇప్పుడు తడుముకుంటూ గవ్వలతో అక్షరాలు పేరుస్తుంటే, మూడేళ్ల మనవరాలు లూపే బోర్లా పడుకుని చూస్తుంది. "నీకే కనపడదు, దానికేం నేర్పుతావు నాన్నా?" అంటుంది కూతురు సేలా, చేమదుంపలు చెక్కుతూ. ఆయన నవ్వేస్తాడు గానీ ఆ మాట గుచ్చుకుంటూనే ఉంటుంది.

నిన్న లూపే పేరులోని మొదటి అక్షరం పేరుస్తుంటే ఒక గవ్వ జారిపోయింది. ఆయనకు తెలియలేదు. పిల్ల ఆయన వేలు పట్టుకుని గవ్వల వెంబడి నడిపించి, ఖాళీ దగ్గర ఆపింది.

"తాతా, నా పేరు విరిగిపోయింది!" అంటూ తనే గవ్వ పెట్టింది.

సేలా చేతిలో దుంప పక్కన పెట్టింది. "ఊఁ, పంతులుగారూ, రెండో అక్షరం కానివ్వండి," అంది.

తావీతా గవ్వల కోసం చేతులు చాచాడు. అప్పటికే లూపే వాటిని ఆయన దోసిట్లో పోస్తోంది.