శనివారం రొట్టె

2015 జూన్ 8, సోమవారం నాడు నందిగామ ప్రాంతీయ పశువైద్యశాలలో సహాయ సంచాలకురాలిగా చేరాను. అంతకు ముందు ఆరేళ్ళు జగ్గయ్యపేటలో వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా చేశాను. హోదా పెరిగితే సంతకాలు పెరిగి పశువులు తగ్గుతాయని మా శాఖలో అంటారు. నా చేతి కిందికి వచ్చే గేదెలు తగ్గిన మాట నిజమే. కుక్కలు మాత్రం పెరిగాయి. వాటిలో ఎక్కువ దురదతో వచ్చేవే.

దురద కుక్కని చూడటానికి ఒక వరస ఉంది. ముందు దువ్వెనతో దువ్వి గోమార్లు, పిడుదులు, మిణ్ణల్లుల్లాంటి రక్తం పీల్చే పురుగులు ఉన్నాయేమో చూస్తాం. తరవాత బ్లేడు అంచుతో చర్మాన్ని సన్నగా గీకి, ఆ పొట్టుని సూక్ష్మదర్శిని కింద పెట్టి గజ్జి పురుగు కోసం వెతుకుతాం. అది కూడా లేకపోతే అప్పుడు అలర్జీ సంగతి ఆలోచిస్తాం. అలర్జీ గాలిలో ఉండొచ్చు, గడ్డిలో ఉండొచ్చు, తినే తిండిలో ఉండొచ్చు. ఏదైనా సరే, కుక్క చేసేది ఒకటే. కాళ్ళు నాకుతుంది. నాకిన తడికి వేళ్ళ సందుల్లో బూజు చేరి దురద ఇంకా పెరుగుతుంది. అప్పుడు ఇంకా నాకుతుంది.

2016 జనవరిలో కరుణమ్మ టీచర్ తన కుక్కని తీసుకొచ్చింది. పేరు టైగర్. ఒళ్ళంతా కారు నలుపు, నాలుగు పాదాలూ తెలుపు. ఆ తెలుపు కాస్తా ఎంగిలి తడికి ఇటికరంగు తేలింది. మెడ కింద జుట్టు ఊడి చర్మం మందంగా తయారైంది. ఆమె కంచికచర్ల దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో పనిచేసేది. భర్త పోయాక నందిగామలో ఒక ఇంటి వెనక వాటాలో ఒక్కతే అద్దెకుంటోంది. ఇంటాయన వెంకట్రామయ్య గారు ముందు వాటాలో ఉంటారు. మాగాణి, మిరప చేలు ఉన్న మనిషి. ఇది గజ్జి, ఇంటిల్లిపాదికీ అంటుకుంటుంది, వేసవి సెలవులు ఇచ్చేలోగా కుక్కనైనా పంపించెయ్యి, ఇల్లైనా ఖాళీ చెయ్యి అని ఆయన తేల్చి చెప్పారట. కీసర దాటాక హైవే పక్కన వదిలేస్తే అదే ఎటో పోతుందని సలహా కూడా ఇచ్చారట.

"ఇల్లు మారమంటే మారతానండి. వదిలిపెట్టటం మాత్రం నా వల్ల కాదు," అంది ఆమె. గొంతు పెంచలేదు.

గీకి చూశాను. పురుగు లేదు. గోమార్లు లేవు. అంతకు ముందు ఎవరో దురద ఇంజక్షన్లు వేశారు. వేసినప్పుడల్లా రెండు వారాలు తగ్గి మళ్ళీ మొదలైందట. ఏడాది పొడుగునా ఒకే తీరుగా ఉందని చెప్పింది కనక తిండి మీద నాకు అనుమానం వచ్చింది. దాన్ని తేల్చటానికి రక్తపరీక్షలు పనికిరావు. ఉన్న దారి ఎలిమినేషన్ డైట్ ఒక్కటే. అంటే, ఆ కుక్క పుట్టాక ఎన్నడూ తినని పదార్థాలు రెండే తీసుకుని ఎనిమిది వారాలు అవి మాత్రమే పెట్టటం. టైగర్ అప్పటిదాకా పాలన్నం, కోడిమాంసం, బిస్కెట్లు తింటూ పెరిగింది. నేను చేప, చిలగడదుంప రాశాను. ఉప్పు లేదు, పసుపు లేదు, నూనె లేదు. వీటికి తోడు, పూటపూటా మందునీళ్ళతో కాళ్ళు కడిగి వేళ్ళ సందులు పొడిగుడ్డతో తుడవాలి.

నా అనుభవంలో ఈ పథ్యం పదిమందికి చెబితే చివరిదాకా నిలిచేవాళ్ళు ఇద్దరు ముగ్గురే. కరుణమ్మ తెల్లారుజామునే చేప ఉడకబెట్టి ముళ్ళు ఏరి, దుంప మెదిపి, ఆ తరవాత తన క్యారేజీ సర్దుకుని బస్సెక్కేది. ఆదివారం తన ఇంట్లో కోడి వండుకోవటం మానేసింది. ఎముక వాసన వస్తే వాడు అడుగుతాడు, అడిగితే నేను పెడతాను, అందుకని అంది. మందు కంటే అటువంటి మనిషి దొరకటం కష్టం.

అయినా నాలుగో వారానికి రావలసిన గుణం రాలేదు. వారం మధ్యలో నెమ్మదించేది, వారం మొదట్లో మళ్ళీ నాకుడు. ఆదివారం సాయంత్రం ప్రార్థనకి కూర్చుంటే పక్కన ఆ చప్పుడే వినపడుతోందండి, శుక్రవారానికి ఉండదు అని ఆమే చెప్పింది. గాలీ గడ్డీ వారాలు చూసుకుని రావు. శనివారం ఇంట్లో ఎవరుంటారని అడిగాను. తనకి బడి ఉంటుంది, కుక్క వసారాలో గ్రిల్లు లోపల ఉంటుంది అంది. ఒక నిమిషం ఆలోచించి, వచ్చే శనివారం సెలవు పెడతానంది.

ఫిబ్రవరి 13న ఆమె తలుపు లోపల గడియ పెట్టుకుని ఇంట్లోనే కూర్చుంది. పదకొండింటికి వెంకట్రామయ్య గారు స్నానం చేసి, నువ్వుల నూనె రాసిన గోధుమ రొట్టె పట్టుకొచ్చి, గ్రిల్లులోంచి టైగర్‌కి పెట్టి, చేతులు జోడించి వెళ్ళారు. కోర్టులో ఏళ్ళ తరబడి పొలం తగాదా తేలక ఆయన జాతకం చూపించుకుంటే, శని బాగా లేదు, శనివారం నాడు నల్లకుక్కకి రొట్టె పెట్టమన్నారట. ఆ వీధిలో నల్లకుక్క ఇదొక్కటే.

ఆమె తలుపు తియ్యలేదు. సోమవారం ఆసుపత్రికి వచ్చి నవ్వుతూ చెప్పింది. అప్పటికప్పుడు బయటికొస్తే పెద్దాయన చిన్నబుచ్చుకుంటారని ఊరుకుందట. తన కుక్కని వెళ్ళగొట్టమన్న మనిషి గురించి ఆ మాట అంటోంది. కుక్కని చూసే మిషతో మీరే ఒకసారి రండి అంది. ఆ సాయంత్రం వెళ్ళాను.

వెంకట్రామయ్య గారు వసారాలోకి వచ్చి, "ఏమ్మా డాక్టరమ్మా, ఈ గజ్జికి మందు లేదా మీ దగ్గర?" అన్నారు. ఇది గజ్జి కాదని, అంటదని చెప్పాను. ఏదో పడని తిండి వారం వారం కడుపులోకి పోతోందని కూడా చెప్పాను. ఆయన గ్రిల్లు వంక చూశారు. కరుణమ్మ అందుకుంది.

"బాబాయ్ గారూ, మీ మొక్కు మానమని కాదండి. పెట్టే వస్తువు మారుద్దాం."

 ఆయన బేరానికి దిగారు. శనివారం తను చేప ముట్టనన్నారు. పోనీ దుంప పెట్టండి అన్నాను. నువ్వుల నూనె రాస్తానన్నారు. కుదరదన్నాను.

"నూనె లేకపోతే శనికి ఏం పెట్టినట్టమ్మా?"

"నూనె దీపంలో పొయ్యండి. దుంప వాడికి పెట్టండి. రెండూ చేరతాయి," అంది కరుణమ్మ.

"మరి వాడి కాళ్ళ అసలు రంగు తెలుపు గదండీ, శనికి పనికొస్తాడా?" అని నేను అడక్కుండా ఉండలేకపోయాను. కాళ్ళు లెక్కలోకి రావన్నారాయన.

ఫిబ్రవరి 15 నుంచి లెక్క మళ్ళీ మొదటికి వచ్చింది. శనివారాలు ఆయన ఉడికిన దుంప పళ్ళెంలో పెట్టి తెచ్చేవారు. మార్చి నెలాఖరుకి టైగర్ మెడ మీద జుట్టు మొలిచింది. పాదాలు తెల్లబడ్డాయి. ఏప్రిల్ 10కి ఎనిమిది వారాలు నిండాయి.

చాలామంది ఇక్కడ ఆగిపోతారు. పద్ధతి ప్రకారం పరీక్ష ఇక్కడితో పూర్తి కాదు. పాత తిండి ఒక్కొక్కటే తిరిగి పెట్టి, దురద వస్తుందేమో చూడాలి. అలా చూడకపోతే తగ్గింది పథ్యం వల్లో కాలం మారినందువల్లో చెప్పలేం. నయమైన కుక్కకి చేజేతులా మళ్ళీ జబ్బు తెమ్మంటే ఎవరికైనా మనసొప్పదు. ఇంకో వారంలో బడికి వేసవి సెలవులు, ఇంటాయన పెట్టిన గడువు దగ్గరికొచ్చింది. అయినా కరుణమ్మ కాదనలేదు. తేలకపోతే బాబాయ్ గారికి అనుమానం మిగిలిపోతుంది, ఆయన్నే పెట్టమనండి అంది. ఏప్రిల్ 16, శనివారం, ఆయన నూనె రాయని గోధుమ రొట్టె అందరి ఎదుటా పెట్టారు.

సోమవారం ఉదయం ఓపీ వరసలో గేదె దూడల వెనక వెంకట్రామయ్య గారు గొలుసు పట్టుకుని నిలబడి ఉన్నారు. టీచరుకి బడిలో పరీక్షలు, అందుకని తనే వచ్చానన్నారు. టైగర్ అక్కడే కూర్చుని కుడి పాదం నాకుతోంది.

"మొదలెట్టాడమ్మా," అన్నారు. వంగి ఆ పాదం చూసి, "ఇన్నాళ్ళూ ఆ గజ్జి నా చేత్తోనే పెట్టానన్నమాట," అన్నారు.

తరవాత పాలూ కోడిమాంసమూ విడివిడిగా పెట్టి చూశాం. ఏ ఇబ్బందీ రాలేదు. పడనిది గోధుమ ఒక్కటే. ఇల్లు ఖాళీ చెయ్యమన్న మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు. నేను 2018లో పదవీ విరమణ చేసేనాటికి కరుణమ్మ ఆ వెనక వాటాలోనే ఉంది. పొలం తగాదా మాత్రం అప్పటికీ వాయిదాల్లోనే ఉంది.

టైగర్ తరవాత మిగిలిన నా సర్వీసులో దురద కుక్క ఏది వచ్చినా, ఏం తింటుంది అన్న ప్రశ్న రెండోది అయింది. ఎవరెవరు పెడతారు అన్నది మొదటిది.