గొంతు చూసేవాళ్లు

కోయంబత్తూరు పక్కన పోదనూరులో రైలు ఆగినప్పుడు మౌతార్గాన్ తీశాను. స్వరాన్ని కాస్త కిందికి వంచడానికి పెదవులు బిగించి గాలి పీలుస్తుంటే ఎదుటి సీట్లోని మిల్లు కార్మికుడు తెలుగులోనే అన్నాడు.

"పెదవి కదపవద్దు తంబీ. లోపల నాలుక వెనక్కి పోవాల. 'ఈ' అని పట్టి 'ఊ' దాకా పో."

అలాగే చేశాను. వంగిందనే అనుకున్నాను. ఆయన పక్కనున్న భార్య నా మెడ వైపే చూస్తూ, "గొంతు ఇంకా దిగలేదే" అంది.

"ఈమెకు చెవి వినపడదు" అన్నాడాయన. "ఇద్దరిదీ స్పిన్నింగ్ మిల్లే. ఆ మిషన్ల సద్దులో నోరూ గొంతూ చూసే మాట్లాడుకునేది."

మళ్లీ పీల్చాను. స్వరం జారిందో లేదో నాకు తేలకముందే ఆమె తలూపింది.

ఇప్పటికీ ఆ స్వరం సాధన చేయాలంటే అద్దం ముందు కూర్చుంటాను.